రహస్య సమాచార మార్గములు: గాజీ నాటినుండి వైర్‌గార్డు వరకు

విశాఖపట్టణమునకు వచ్చిన యాత్రికులు సముద్రతీరపు రోడ్డుమీద తప్పక చూచునది ఒకటి కలదు. అది ఒడ్డున నిలిపియుంచిన ‘కుర్సురా’ అను జలాంతర్గామి. 2001లో నౌకాదళపు కొలువు ముగించిన ఈ ఓడను 2002లో ప్రదర్శనశాలగా మార్చిరి. లోపలికి వెళ్ళిన పిల్లలు ముందుగా అడుగు ప్రశ్న, ఇది నీటిలో ఎట్లు మునుగును, మరల ఎట్లు తేలును అని. అది మంచి ప్రశ్నయే. కాని అంతకంటె చిక్కైన ప్రశ్న మరియొకటి ఉన్నది. నీటి అడుగున దాగినవాడు ఒడ్డుననున్న తనవారితో మాటలాడుట ఎట్లు? మాటలాడినచో శత్రువు వినును. విన్నను అర్థము కాకుండ గుప్తలిపిలో మాటలాడవచ్చును. మరి అంతటితో చాలునా?

ఈ ప్రశ్న నౌకాదళమువారిది మాత్రమే కాదు. తన ఇంటి కంప్యూటరును దూరమందున్న కార్యాలయపు కంప్యూటరుతో కలుపవలెనని లినక్సు ముందు కూర్చున్న విద్యార్థి ప్రశ్నయు ఇదియే. అతడు అమర్చగోరు దానిని వర్చ్యువల్ ప్రైవేట్ నెట్‌వర్కు అనియు, పొట్టిగా వి.పి.ఎన్. అనియు అందురు. అందరు నడచు బాటమీద మనకు మాత్రమే తెలిసిన సొరంగమును త్రవ్వుకొనుట వంటిది అది. ఆ సొరంగము ఎట్లు పుట్టినది, అది దేనిని దాచును, దేనిని దాచలేదు అను విషయములను విశాఖ తీరమున జరిగిన ఒక కథతో మొదలిడి పరిశీలింతము.

1971 నాటి పాఠము

1971 చివరి మాసములలో భారత పాకిస్థానముల మధ్య యుద్ధము తప్పదని తేలిపోయినది. మన విమానవాహక నౌక ‘విక్రాంత్’ తూర్పు తీరముననుండెను. దానిని వెదకి ముంచుటకై పాకిస్థాను నౌకాదళము ‘గాజీ’ అను జలాంతర్గామిని బంగాళాఖాతమునకు పంపెను. గాజీ వచ్చుచున్నదని మనవారికి తెలిసిన విధము చిత్రమైనది. చిట్టగాంగులోని నౌకాధికారులకు వచ్చిన ఒక సందేశము మనవారి చేతికి చిక్కినది. అందు గాజీ పేరు లేదు, యుద్ధపు మాట లేదు. ఒకానొక రకపు కందెన నూనెను గూర్చిన విచారణ మాత్రమే కలదు. అయితే ఆ నూనెను జలాంతర్గాములలోను, సముద్రపు మైనులను ఏరివేయు ఓడలలోను తప్ప వాడరు. ఆ చిన్న విచారణయే పెద్ద రహస్యమును బయటపెట్టినది.

అప్పుడు తూర్పు నౌకాదళమునకు అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. ఆయన విక్రాంత్‌ను రహస్యముగా అండమాను దీవుల వైపునకు పంపి, ‘రాజ్‌పుత్’ అను పాత విధ్వంసక నౌకను విశాఖకు ఎదురుగా సముద్రములోనికి పంపెను. రాజ్‌పుత్ తాను విక్రాంత్‌నే అన్నట్లు నటించుచు, ఆ నౌక పిలుపు గుర్తుతో, పెద్ద ఓడకు తగినంత విస్తారముగా నిస్తంత్రీ సందేశములను పంపెను. పట్టణములోని గుత్తేదారులకు పెద్ద నౌకాసమూహమునకు సరిపడునంత మాంసము, కూరగాయలు కావలెనని కబురు పోయినది. తల్లి జబ్బుగానున్నదని, ఆమె క్షేమము తెలుపుమని విక్రాంత్‌లోని నావికుడొకడు పంపినట్లు ఒక తంతి వార్తను గుప్తలిపి లేకుండనే పంపిరి. ఈ వివరములను కృష్ణన్ తన స్వీయచరిత్రలో వ్రాసెను.

గాజీ విశాఖ ముందరకు వచ్చినది. డిసెంబరు 3వ తేదీ రాత్రి, తెల్లవారితే 4వ తేదీ అనగా, రేవు సమీపమున మునిగిపోయినది. రాజ్‌పుత్ విడిచిన లోతు బాంబులవలన మునిగినదని భారత నౌకాదళమువారి మాట. లోపలి ప్రేలుడువలననో, తానే పరచిన మైను తగిలియో మునిగినదని పాకిస్థానువారి మాట. కారణమేదైనను అందలి తొంబదిమందికి పైగా నావికులలో ఒక్కడును బ్రతుకలేదు. వారును తల్లులు గల బిడ్డలే.

ఈ కథలో విజ్ఞానశాస్త్ర విద్యార్థి గమనింపవలసినది ఒకటి కలదు. సందేశమునకు రెండు భాగములుండును. లోపలి మాట ఒకటి. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎంత పంపిరి అను జాడ రెండవది. గుప్తలిపి మొదటిదానిని దాచును. రెండవది బయటనే మిగులును. ఉభయపక్షములవారును ఆ జాడనుబట్టియే ఎదుటివారిని ఊహించిరి. ఒకరి ఊహ నిజమైనది, మరియొకరి ఊహ ప్రాణము తీసినది. ఈ భేదమును మనసునందుంచుకొని ముందునకు పోవుదము.

పోస్టుకార్డులు పోవు బాట

ఇంటర్నెట్టులో సమాచారము ఒక్క ధారగా పోదు. చిన్న చిన్న పొట్లములుగా పోవును. వీనిని ప్యాకెట్లు అందురు. ఒక్కొక్క పొట్లముపైని పంపినవారి చిరునామా, అందుకొనువారి చిరునామా ఉండును. విశాఖనుండి హైదరాబాదునకు పోవు పొట్లము మార్గమధ్యమున ఎందరివో రౌటరులను దాటిపోవును. ఆ రౌటరుల యజమాని తలచినచో పొట్లమును చదువవచ్చును. అనగా తొలినాటి ఇంటర్నెట్టు ప్రయాణము పోస్టుకార్డు ప్రయాణము వంటిది. తపాలా బంట్రోతు మంచివాడు కావచ్చును. కాని కార్డు మాత్రము తెరచియే ఉన్నది.

ఇంటర్నెట్టు వ్యాపింపక పూర్వము పెద్ద సంస్థలు తమకు మాత్రమే చెందునట్లు టెలిఫోను తంతులను అద్దెకు తీసికొనెడివి. విశాఖ ఉక్కు కర్మాగారమునే ఉదాహరణముగా తీసికొనుడు. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన ఆ కర్మాగారము కొరకు జగ్గయ్యపేటలో సున్నపురాతి గని, మాధారములో డోలమైటు గని తెరువబడినవి. ఇట్లు శాఖలు దూరదూరముననున్న ఏ సంస్థకైనను ప్రతి శాఖకు ఒక ప్రత్యేకపు తంతి కావలెనన్నచో ఖర్చు దూరమునుబట్టి పెరిగిపోవును. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశములో ఇంటర్నెట్టును సామాన్యులకు తెరచినది. అప్పుడు సహజముగా ఒక ఆలోచన పుట్టును. అందరి బాట చౌకగా దొరకుచుండగా సొంత బాట ఎందుకు? ఆ బాటమీదనే మూసిన బండిలో పోరాదా?

ఆ మూసిన బండియే వి.పి.ఎన్. మన పొట్లమును మొత్తముగా, లోపలి చిరునామాలతో సహా, గుప్తలిపిలోనికి మార్చి, దానిని మరియొక పొట్లములోపల ఉంచి పంపుదురు. పై కవరుమీద సొరంగపు రెండు కొనల చిరునామాలు మాత్రమే కనబడును. అవతలి కొననున్న యంత్రము కవరు చించి, లోపలి పొట్లమును తీసి, దాని గమ్యమునకు పంపును.

తాళపుచెవి సమస్య

గుప్తలిపికి తాళపుచెవి కావలెను. ఆ చెవిని అవతలివారికి చేర్చుట ఎట్లు? అదే బాటమీద పంపినచో దొంగ దానిని కూడ చూచును. ఈ చిక్కును 1976లో అమెరికాలో డిఫీ, హెల్‌మన్ అను ఇరువురు ఒక గణితోపాయముచే విడదీసిరి. బ్రిటిషు ప్రభుత్వపు సంకేతశాఖలో ఎల్లిస్, కాక్స్, విలియమ్‌సన్ అనువారు అట్టి ఉపాయములనే అంతకు కొలది ఏండ్లకు పూర్వమే కనుగొనిరని 1997లోగాని లోకమునకు తెలియలేదు.

ఆ ఉపాయమును చిన్న అంకెలతో చూపవచ్చును. గాజువాకలో సీత, మద్దిలపాలెములో రాము ఉన్నారనుకొనుడు. 17, 3 అను రెండంకెలను అందరికి వినబడునట్లు ఒప్పుకొనిరి. సీత తన మనసులో 5 అను అంకెను, రాము తన మనసులో 7 అను అంకెను ఉంచుకొనిరి. సీత 3ను అయిదుసార్లు హెచ్చవేసెను, 243 వచ్చినది. దానిని 17చే భాగింపగా మిగిలిన శేషము 5. దానిని బిగ్గరగా చెప్పెను. రాము 3ను ఏడుసార్లు హెచ్చవేయగా 2187 వచ్చినది. 17చే భాగింపగా శేషము 11. దానిని అతడును బిగ్గరగా చెప్పెను. ఇప్పుడు సీత రాము చెప్పిన 11ను తన రహస్యమైన 5 సార్లు హెచ్చవేసి 17చే భాగించును. శేషము 10. రాము సీత చెప్పిన 5ను తన రహస్యమైన 7 సార్లు హెచ్చవేసి 17చే భాగించును. శేషము 10. ఇరువురికి ఒకే అంకె దొరకినది. ఆ 10 అను అంకెను మాత్రము ఎవ్వరును నోట పలుకలేదు. పాఠకులు కాగితముపై వేసి చూచుకొనవచ్చును.

అంకెలు చిన్నవి కనుక ఇక్కడ దొంగ ఒక్కొక్కదానిని ప్రయత్నించి కనుగొనగలడు. నేటి వి.పి.ఎన్.లలో వాడు గణితము ఇంతకంటె భిన్నమైనది, ఒక వక్రరేఖపైని బిందువులకు సంబంధించినది. అందలి సంఖ్యలకు 77 స్థానములవరకు ఉండును. వానిని ఒక్కొక్కటిగా ప్రయత్నించుట నేటి ఏ యంత్రమునకును సాధ్యము కాదు.

సొరంగములు త్రవ్వినవారు

1993లో జాన్ అయోనిడిస్, మాట్ బ్లేజ్ అనువారు ఇంటర్నెట్టు పొట్లములను గుప్తపరచు తొలి ప్రయోగములలో ఒకదానిని చేసిరి. 1995లో ‘ఐపీసెక్’ అను ప్రమాణము వెలువడినది. 1996 ప్రాంతమున మైక్రోసాఫ్టు మొదలగు సంస్థలు ‘పీపీటీపీ’ అను పద్ధతిని తెచ్చినవి. అది అమర్చుటకు సులభము. కాని 1998లో బ్రూస్ ష్నయర్, మడ్జ్ అను పరిశోధకులు మైక్రోసాఫ్టువారు దానిని అమలుపరచిన తీరును పరీక్షించి, తాళము బలహీనమని చూపిరి. సులభమైనది భద్రమైనది కాకపోవచ్చునను పాఠము లోకమునకు ఆనాడే తెలిసినది.

ఆ కాలమున మరియొక అడ్డంకి ఉండెను. బలమైన గుప్తలిపిని అమెరికా ప్రభుత్వము ఆయుధములతో జతచేసి, దాని ఎగుమతిని నిషేధించియుండెను. 1996లో జాన్ గిల్‌మోర్ లినక్సునకు ఐపీసెక్‌ను సమకూర్చుటకు ‘ఫ్రీస్వాన్’ అను ఉద్యమమును ఆరంభించెను. ఆ ప్రోగ్రామును అమెరికా పౌరులెవ్వరును వ్రాయరాదని నియమము పెట్టుకొని, విదేశములందలివారిచేతనే వ్రాయించిరి. 1998లో అదే గిల్‌మోర్ పాలుపంచుకొన్న ఒక యంత్రము, అప్పటివరకు ప్రభుత్వము చాలునన్న 56 బిట్ల తాళమును 56 గంటలలో విప్పివేసినది. 2000లో ఆ నిషేధము చాలవరకు సడలినది. 2003 డిసెంబరులో వెలువడిన లినక్సు 2.6లో ఐపీసెక్ లోపలి భాగమే అయినది. మరుసటి ఏడు ఫ్రీస్వాన్ ముగిసినది.

2001లో జేమ్స్ యోనన్ అనునతడు ‘ఓపెన్‌వీపీఎన్’ను వెలువరించెను. మధ్య ఆసియాలో ప్రయాణించుచు, ఎవరివో తెలియని తంతులద్వారా తన కార్యాలయముతో పనిచేయవలసి వచ్చుటయే దానికి ప్రేరణము. ఏండ్లు గడచినకొలది ఈ ప్రోగ్రాములు పెరిగి పెద్దవైనవి. ఒక్క మనిషి చదివి తప్పు పట్టుటకు వీలుకానంత పెద్దవైనవి. చదువలేని తాళమును నమ్ముట ఎట్లు? ఈ ప్రశ్నకు జవాబుగా జేసన్ డోనెన్‌ఫెల్డ్ ‘వైర్‌గార్డు’ను వ్రాసి 2016లో లోకమునకు చూపెను. దాని ముఖ్యభాగము సుమారు 4,000 పంక్తులు మాత్రమే. 2018లో లినక్సు సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దానిని పాతవానితో పోల్చి, కళాఖండమని మెచ్చుకొనెను. 2020 మార్చి 29న వెలువడిన లినక్సు 5.6లో వైర్‌గార్డు అంతర్భాగమైనది.

ఆ మార్చి నెల

ఆ తేదీని పాఠకులు గమనింతురు గాక. నాలుగు రోజులకు ముందు, మార్చి 25న, కోవిడు వ్యాధివలన మన దేశమంతయు ఇండ్లలో తలుపులు వేసికొన్నది. విశాఖలో రుషికొండపైని కంపెనీల ఉద్యోగులును, హైదరాబాదులోని వారి తోటివారును ఇంటినుండియే పనిచేయవలసి వచ్చినది. కాల్‌సెంటరులు, బి.పి.ఓ.లు ఉద్యోగులను ఇంటినుండి పనిచేయింపవలెనన్నచో అంతకుముందు ధరావతు కట్టవలెను, అనుమతిగల టెలికాం సంస్థ సమకూర్చు వి.పి.ఎన్.నే వాడవలెను. మార్చి 13న టెలికాం శాఖ ఈ నిబంధనలను సడలించి, సంస్థలు తమ వి.పి.ఎన్.ను తామే అమర్చుకొనవచ్చునన్నది. ఆ యేడు నవంబరులో పాత నియమములనే చాలవరకు తొలగించినది. అంతవరకు నిపుణుల గదులలో దాగిన వి.పి.ఎన్. అను మాట అప్పటినుండి వంటయింటి బల్లమీదికి వచ్చినది. దానిని స్వయముగా అమర్చ నేర్చుకొనవలెనను కోరికయు చాలమందిలో కలిగినది.

అమర్చు విధము

వైర్‌గార్డును అమర్చుట పద్ధతి తెలిసినచో కష్టము కాదు. రెండు యంత్రములు కావలెను. ఒకటి సర్వరు, రెండవది మన కంప్యూటరు. చాల ఇండ్లకు ఇంటర్నెట్టు కంపెనీలు ఇచ్చు చిరునామా అనేకులకు ఉమ్మడిది. బయటివారు దానిని వెదకికొని రాలేరు. కనుక ప్రత్యేక చిరునామాగల సర్వరును అద్దెకు తీసికొనుట వాడుక.

మొదట రెండు యంత్రములలోను వైర్‌గార్డు ఉపకరణములను చేర్చి, ఒక్కొక్కదానిలో ఒక జత తాళపుచెవులను పుట్టింపవలెను. రహస్యపు చెవి పుట్టిన యంత్రమును విడువరాదు. దానినుంచిన ఫైలును యజమాని తప్ప ఎవ్వరును చదువలేకుండునట్లు చేయవలెను. బహిరంగపు చెవిని మాత్రము ఎదుటి యంత్రమునకు ఇయ్యవలెను. పిమ్మట సొరంగములోపల వాడు చిరునామాలను 10తో మొదలగు ప్రైవేటు చిరునామాల వరుసనుండి ఎన్నుకొని, ఒక్కొక్కదానికి ఒక్కటి ఇయ్యవలెను. సర్వరు సాధారణముగా 51820 అను ద్వారమున వినుచుండును. ఆ ద్వారము యూడీపీ పొట్లములకు తెరచియున్నదో లేదో సర్వరు రక్షణగోడలో చూడవలెను.

తరువాతిది ‘అనుమతించిన చిరునామాలు’ అను పంక్తి. క్రొత్తవారు పొరపడునది ఇక్కడనే. ఆ పంక్తికి రెండు పనులు కలవు. ఏ గమ్యములకు పోవు పొట్లములను సొరంగములోనికి పంపవలెనో అది చెప్పును. సొరంగమునుండి వచ్చువానిలో ఏ చిరునామాలవానిని నమ్మవలెనో కూడ అదియే చెప్పును. అన్ని చిరునామాలను అందు వ్రాసినచో మన రాకపోకలన్నియు సర్వరుగుండ పోవును. కార్యాలయపు చిరునామాలను మాత్రమే వ్రాసినచో మిగిలినవి మామూలు బాటనే పోవును. ఇంకొక పొరపాటు, ఒకరి పొట్లమును మరియొకరికి అందించు అనుమతిని సర్వరునందలి లినక్సునకు ఇయ్య మరచుట. అప్పుడు సొరంగము తెరచియే ఉండును, కాని అవతల తలుపు మూసియుండును.

ఒక చిత్రమైన చిక్కును కూడ చెప్పవలెను. పాత సందేశమును దొంగిలించి దొంగ మరల పంపకుండుటకై వైర్‌గార్డు ప్రతి తొలి పలుకరింపుపై కాలముద్ర వేయును. వెనుకటి కాలముతో వచ్చిన పలుకరింపును అంగీకరింపదు. గడియారపు బ్యాటరీ లేని చిన్న కంప్యూటరులు కరెంటు పోయి వచ్చినప్పుడు పాతకాలమును చూపును. అప్పుడు తాళపుచెవులు సరిగానున్నను సొరంగము తెరచుకొనదు. కాలము సరిచేసినంతనే తెరచుకొనును. గాలివానలు తరచైన మన తీరమున ఇది గుర్తుంచుకొనదగినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు విద్యుత్తుతోబాటు సమాచార మార్గములును తెగిపోయినవి. బాటయే లేనిచోట సొరంగమును లేదు.

వైర్‌గార్డునకు జలాంతర్గామి గుణమొకటి కలదు. చెవి లేని అపరిచితుడు తలుపు తట్టినచో అది జవాబే ఇయ్యదు. పంపవలసినది లేనప్పుడు మౌనముగానుండును. అయితే ఇంటి రౌటరు ఆ మౌనమును చూచి బాట మూసివేయకుండ, 25 సెకండులకొకసారి చిన్న పలుకరింపు పంపునట్లు చాలమంది అమర్చుకొందురు. ఆ పలుకరింపులో మాట లేదు. కాని జాడ కలదు.

దాచనిది ఏది?

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. సొరంగము లోపలి మాటను దాచును. ఏ కొననుండి ఏ కొనకు, ఎప్పుడు, ఎంత పోయినదో బాటమీదివారికి కనబడుచునే ఉండును. కందెన నూనె విచారణ చెప్పినట్లే అది కూడ కథ చెప్పగలదు. సొరంగము దాటిన పిమ్మట పొట్లము మరల మామూలు బాటనే పడును. ఆ అవతలి కొన ఎవరిదో వారు మన రాకపోకల జాడను చూడగలరు. వేరొకరి వి.పి.ఎన్. సేవకు డబ్బు కట్టువాడు తన ఊరి ఇంటర్నెట్టు కంపెనీని నమ్ముట మాని, దూరదేశపు కంపెనీని నమ్మినవాడగుచున్నాడు. నమ్మకము తొలగలేదు, చోటు మారినది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ అను ప్రభుత్వ సంస్థ, వి.పి.ఎన్. సేవలమ్మువారు ఖాతాదారుల వివరములను అయిదేండ్లు భద్రపరచవలెనని ఆజ్ఞాపించినది. నేరస్థులను పట్టుటకు అది కావలెనని ప్రభుత్వము అన్నది. పౌరుల ఏకాంతమునకు భంగమని విమర్శకులు అనిరి. కొన్ని విదేశ కంపెనీలు మన దేశములోని తమ సర్వరులను తీసివేసినవి. సంస్థలు తమ ఉద్యోగులకై నడుపుకొను వి.పి.ఎన్.లకు ఆ నియమము వర్తింపదని తరువాత వివరించిరి.

కొననున్న మనిషిని సొరంగము కాపాడలేదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘డాల్ఫిన్స్ నోస్’ అను పేరిట జరిపిన చర్యలో, సామాజిక మాధ్యమముల పరిచయముల వలలో పడి నౌకాదళ రహస్యములను బయటికి ఇచ్చిరను అభియోగముపై కొందరు నావికులు అరెస్టయిరి. ఆ మాసముననే నౌకాదళము తన స్థావరములలోను, ఓడలపైని స్మార్టుఫోనులను నిషేధించినది. తాళము ఎంత గట్టిదైనను, చెవి ఉన్నవాడే తలుపు తెరచినచో అది ఏమి చేయగలదు?

1933లో ‘జలదుర్గ’ అను ఓడ రాకతో విశాఖ రేవు తెరచుకొన్నది. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ ఈ పట్టణమున ఒక పెద్ద కృత్రిమమేధా కేంద్రమును నెలకొల్పుదుమనియు, సముద్రగర్భపు తంతులను ఈ తీరమునకు చేర్చుదుమనియు ప్రకటించినది. రేపు ఈ నీటి అడుగున సరకు బదులు సమాచారము ప్రవహించును. ఆ తంతులగుండ పోవు పొట్లములు ఎవరి కంటబడునో, ఎవరిని నమ్మవలెనో తెలిసికొనుట ప్రతి పౌరునికిని అవసరమగును. అందుకు మొదటి మెట్టుగా రెండు యంత్రముల మధ్య ఒక చిన్న సొరంగమును స్వయముగా అమర్చి చూడుడు. తొలి పలుకరింపు అందినదని యంత్రము చూపినప్పుడు, ఏది దాగినది, ఏది దాగలేదు అని ఒక్క నిమిషము ఆలోచింపుడు. ఆ రెండవ ప్రశ్నను మరువనివానికి ఈ విద్య నిజముగా వచ్చినట్లే.